మూడో అంతస్తు పాట

శనివారం పొద్దున నళిని పెనం మీద పెసరట్టు తిరగేస్తుండగా గుమ్మం ముందు పార్శిల్ బండి ఆగింది. పిస్కాటవేలో ఆ వీధిలో ఎవరింటికి ఏ పెట్టె వచ్చినా మిగతా ఇళ్ళ కిటికీ తెరలు ఒకసారి కదులుతాయి. ఈసారి ఒక పెట్టె కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్టపెట్టెలు. దేదీప్య మేడ మీద నుంచి ఒట్టి కాళ్ళతో పరుగెత్తుకొచ్చి, చేతిలో అట్లకాడ ఉందని కూడా చూడకుండా తల్లిని వాటేసుకుంది.

"అమ్మా, వచ్చేశాయ్! ఆల్బమ్ వచ్చేసింది!"

"కాలుతుందే, జరుగు! ముందు నాలుగు ముక్కలు తిను, తర్వాత విప్పుదువు గాని."

తినడానికి ఓపికెక్కడిది? కూరలు తరిగే కత్తితో టేపు కోసి, మొదటి సీడీ తీసి తల్లి ముందు పెట్టింది. అట్ట మీద పాత ఎర్ర ఇటుకల భవనం, కింద ఒక రెస్టారెంటు, పైన పసుపు అక్షరాల్లో 'తెర్సెర్ పీసో' అని పేరు. స్పానిష్‌లో మూడో అంతస్తు అని అర్థమట. నళిని ఆ ఫొటోలో కుడివైపు చివరి కిటికీని చూడగానే గుర్తుపట్టింది. పెర్త్ ఆంబోయ్‌లో తన మొదటి కాపురం ఆ కిటికీ వెనకే.

"ఇది మన ఇల్లు కదే! ఇంకో ఫొటో ఏదీ దొరకలేదా నీకు?"

"ఇదే కావాలమ్మా. మొత్తం ఆల్బమ్ అక్కడిదే కదా."

దేదీప్య పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. నళిని పగలంతా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి పోతే, రెండో అంతస్తులో ఉండే మిలాగ్రోస్ పిల్లని చూసుకునేది. ఆమె డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన మనిషి; సాయంత్రాలు కింది రెస్టారెంటులో వంట చేసేది, పిల్లని కూడా వెంట తీసుకెళ్ళేది. గొంతు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. దేదీప్యకి అమ్మ అన్న మాట తర్వాత వచ్చిన మాటలన్నీ స్పానిష్‌వే. మిలాగ్రోస్ రేడియోలో వినిపించే మెరెంగే పాటలకి తప్పటడుగులతోనే గెంతులేసింది. పెద్దయ్యాక ఆ మిలాగ్రోస్ మేనల్లుళ్ళతో కలిసి, వాళ్ళ బేస్‌మెంటులో, ఆ డప్పుల మీద స్పానిష్ ర్యాప్ కట్టి ఇదిగో ఈ ఆల్బమ్ చేసింది. రట్గర్స్‌లో డిగ్రీ చేసి, లా కాలేజీలో సీటు వచ్చాక ఒక ఏడాది వాయిదా వేసుకుని మరీ చేసింది.

తండ్రి రాధాకృష్ణ ఈ విషయంలో మొదట ఇల్లు ఎక్కి అరిచాడు. తర్వాత తనకు తనే ఒక ఓదార్పు కనిపెట్టుకున్నాడు.

"తెలుగులోనో ఇంగ్లీషులోనో పాడి ఉంటే మనవాళ్ళందరికీ అర్థమయ్యేది," అన్నాడు కాఫీ తాగుతూ. "స్పానిష్ అయితే ఎవరికి తెలుస్తుంది? కల్చరల్ ఫ్యూజన్ అని చెప్పేసుకోవచ్చు. రేపు వ్రతానికి వచ్చిన వాళ్ళకి తలా ఒకటి ఇద్దాం."

"నాన్నా, ఎవరికైనా ఇచ్చే ముందు నువ్వొక్కడివే విను. థర్డ్ సాంగ్. ప్లీజ్. ఎన్ని రోజుల నుంచి అడుగుతున్నాను!"

"వింటాలేవే. నేను ఆ స్పానిష్ అంతా మర్చిపోయి చాలా కాలమైంది."

ఆ మూడో పాట సంగతి నళినికి తెలుసు. తెలుసు కాబట్టే పెనం మీద అట్టు మాడిపోయింది.

పిస్కాటవే తెలుగువాళ్ళలో రాధాకృష్ణకి మంచి పేరు. మందుల కంపెనీలో డేటాబేస్ మేనేజరు, అసోసియేషన్‌లో పెద్దమనిషి. అక్కగారు స్పాన్సర్ చేస్తే వచ్చాడనీ, రాగానే ఇంజనీరు ఉద్యోగంలో చేరాడనీ అందరి నమ్మకం. వచ్చిన మాట నిజమే, ఉద్యోగం మాట కాదు. ఆయన డిప్లొమాని ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఎర్ర ఇటుకల భవనం కింది రెస్టారెంటులో నాలుగేళ్ళు గిన్నెలు కడిగాడు. ఊళ్ళోవాళ్ళు తిని వదిలేసిన ఎంగిలి కంచాలు, కోడి ఎముకలు, పంది కొవ్వు అంటిన మూకుళ్ళు. పగలు కంప్యూటర్ కోర్సు, సాయంత్రం నుంచి ఆ గిన్నెల తొట్టి. పిస్కాటవే వచ్చాక ఆ నాలుగేళ్ళ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రెండేళ్ళ క్రితం కూతురు చిన్నప్పటి మసక జ్ఞాపకాలు పట్టుకుని గుచ్చి గుచ్చి అడిగితే నళినే చెప్పింది, కళ్ళు తుడుచుకుంటూ. దేదీప్య దాన్ని పాట చేసింది.

మర్నాడు సత్యనారాయణ వ్రతం. పూజ అయింది, ప్రసాదం పంచారు, భోజనాలు మొదలయ్యాయి. హాల్లో సోఫాల మీదా, కార్పెట్ మీదా అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు. శశికాంత్, ఆయన భార్య సుమతి, వాళ్ళమ్మాయి అనిక ఒక పక్క. ఎవరింట్లో ఏం జరిగినా అందరికంటే ముందు తెలిసే శాంతి ఇంకో పక్క. రాధాకృష్ణ ఉత్సాహంగా సీడీ ప్లేయర్ దగ్గరికి నడిచాడు.

"మా అమ్మాయి ఆల్బమ్! వచ్చే శనివారం పెర్త్ ఆంబోయ్‌లో రిలీజ్ షో. మన ఇంట్లోనే ముందు రిలీజ్ చేసేద్దాం!"

"నాన్నా, ఇప్పుడు వద్దు," అంది దేదీప్య గబగబా లేచి.

"సిగ్గెందుకే! ఆ మూడోది బావుంటుందన్నావుగా, అదే వేస్తున్నా."

నళినికి చేతిలో పులిహోర గిన్నె బరువెక్కింది. అయినా మనసుని సర్దుకుంది. స్పానిష్ ఎవరికి తెలుస్తుందిలే అని ఆమె కూడా అనుకుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే పొరపాటు చేశారు, అదీ చాలా చిత్రమైన పొరపాటు. న్యూజెర్సీలో తెలుగు తల్లిదండ్రులు కూర్చుంటే మాట్లాడుకునేదే పిల్లల మార్కుల గురించి. హైస్కూల్లో ఏ భాష తీసుకుంటే కాలేజీకి పనికొస్తుందని ఏళ్ళ తరబడి చర్చలు చేసి, అందరూ ఒకే భాషలో పిల్లల్ని చేర్చారు. ఆ చర్చల్లో రాధాకృష్ణ కూడా కూర్చున్నాడు. సలహా కూడా ఇచ్చాడు.

డప్పు మొదలైంది. దాని వెనక రేకు గొట్టం గీకుతున్న చప్పుడు, కొబ్బరికాయ కోరుతున్నట్టు కరకరమంటూ. శశికాంత్ కాలు ఊపడం మొదలుపెట్టాడు. "ఏందన్నా, పాట మస్తుంది గదా!" దేదీప్య గొంతు వచ్చింది. ఇంట్లో గొంతు కాదది. ఎవరినో నిలదీస్తున్న గొంతు. మాటలు రాళ్ళు రువ్వినట్టు వచ్చి పడుతున్నాయి. అంత స్పానిష్ మధ్యలో హఠాత్తుగా ఒక తెలుగు మాట వినిపించింది. ఎంగిలి.

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎంగిలి అందేమిటి?" అంది శాంతి.

"మా అనికకి స్పానిష్ పరీక్షలో ఫైవ్‌కి ఫైవ్ వచ్చింది కదా, అది చెప్తుంది," అంది సుమతి మురిసిపోతూ. "చెప్పవే, అక్క ఏం పాడుతోందో!"

అనిక అప్పటికే తినడం మానేసి సీడీ ప్లేయర్ వంకే చూస్తోంది. అది పదకొండో క్లాసు పిల్ల. దాచిపెట్టడం ఇంకా నేర్చుకోలేదు.

"వాళ్ళ డాడ్ ఒక రెస్టారెంట్‌లో డిషెస్ వాష్ చేసేవారు... అందరివీ. లైక్, అందరూ తినేసిన ప్లేట్స్. తర్వాత స్టెయిర్స్ మీద కూర్చుని క్రై చేసేవారు. డోర్ ఓపెన్ చేసే ముందు కళ్ళు తుడుచుకునేవారు. ఇట్స్ సో శాడ్, అంకుల్. అది నిజంగా మీరేనా?"

రాధాకృష్ణ మొహం చూసింది నళిని. అనిక చెప్పకముందే ఆ మొహం మారిపోయి ఉంది. మర్చిపోయానన్న భాషలో ప్రతి మాటా ఆయనకి అర్థమైంది. మెల్లగా వెళ్ళి పాట ఆపేశాడు.

"పులిహోర వేసుకోండి," అన్నాడు అందరితో. "చాలా మిగిలింది."

ఎవరూ వేసుకోలేదు. శాంతి రాధాకృష్ణ చేతుల వంక ఒకసారి చూసి కళ్ళు తిప్పుకోవడం నళిని కంటపడింది. అందరికీ ఉన్నట్టుండి పనులు గుర్తొచ్చాయి. కాసేపట్లో వాకిట్లో కార్లన్నీ ఖాళీ అయ్యాయి.

తలుపు పడగానే రాధాకృష్ణ కూతురి వైపు తిరిగాడు.

"ఆ పాట తీసెయ్."

"ఎలా తీస్తాను? వెయ్యి సీడీలు ప్రింట్ అయిపోయాయి. నేను నీకు చెప్పాను, ముందు నువ్వే విను అని. నువ్వు వినలేదు."

"అయితే షోలో పాడకు. పాడితే నా మొహం చూడక్కర్లేదు."

"పాడతాను." దేదీప్య కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతు వణకలేదు. "నీకు సిగ్గేమో, నాకు లేదు. ఆ ఇల్లే నా చైల్డ్‌హుడ్. ఆ కిచెన్‌లో బియ్యం బస్తా మీద కూర్చుని నిన్ను చూస్తూ పెరిగాను. నువ్వు డిషెస్ కడిగావని చెప్తే తప్పేంటి నాన్నా? ఎవరినైనా దోచుకున్నావా?"

"కడిగానని చెప్పినందుకు కాదే నా కోపం!"

"మరి?"

"యో నుంకా యోరే!"

తల్లీకూతుళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆయన నోట ఆ భాష విని ఎన్నేళ్ళయిందో.

"నేను ఎప్పుడూ ఏడవలేదు! ఒక్కసారి కూడా! ఆ వంటింట్లో నాకంటే వేగంగా కడిగేవాడు లేడు తెలుసా? మొదటి వారం అసహ్యం వేసింది, నిజమే. తర్వాత అది పని. మిలాగ్రోస్ మూకుడు మీద గరిటెతో తాళం వేసేది, నేను గిన్నెల మీద జవాబిచ్చేవాణ్ణి. అందరం పాడేవాళ్ళం. శనివారాలు వంటింటి చప్పుడు వినడానికే కొందరు తలుపు దగ్గర టేబుళ్ళు అడిగేవాళ్ళు. ఓనరు ఒకసారి నోరు జారితే తడి గుడ్డ వాడి కాళ్ళ ముందు పడేసి, క్షమాపణ చెప్పేదాకా తొట్టి ముట్టుకోలేదు నేను. అదంతా ఏదీ నీ పాటలో? మెట్ల మీద కూర్చుని ఏడ్చే దిక్కులేనివాడు ఎవడే అతను?"

"మరి ఇన్నేళ్ళు ఎందుకు దాచావు?"

"ఇదిగో, ఇందుకే. ఇవాళ వాళ్ళు నన్నెలా చూశారో చూశావుగా? జాలి. నాకు జాలి అంటే ఒళ్ళుమంట. వాళ్ళు చూపిస్తారని భయపడ్డాను. నా కూతురే వాయిద్యాలు పెట్టి మరీ చూపించింది."

ఇంత పొగరుగా పాడిన పాటలో ఉన్నది జాలేనని దేదీప్యకి అప్పటిదాకా తోచలేదు.

"నాకలాగే చెప్పింది అమ్మ," అంది చివరికి, చిన్నగా.

ఇద్దరూ నళిని వైపు చూశారు. పులిహోర గిన్నె ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆ మెట్లు ఆమెకి బాగా తెలుసు. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కింద వంటింట్లోంచి పిల్లని తెచ్చుకునే ముందు, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆ మలుపులో కూర్చునేది. కింద నుంచి గిన్నెల చప్పుడు, నవ్వులు వినిపించేవి. తన మొగుడు ఎవరెవరివో ఎంగిలి కంచాలు కడుగుతూ ఎలా నవ్వగలుగుతున్నాడో ఆమెకి అర్థమయ్యేది కాదు. తను మాత్రం ఏడ్చేది. తలుపు తీసే ముందు కళ్ళు తుడుచుకునేది. ఒక ఆదివారం గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేసి అల్లుడి ఉద్యోగం గురించి అడిగితే, హోటల్ మేనేజ్‌మెంట్ అని ఠకీమని చెప్పేసింది. పక్కనే నిలబడి విన్న రాధాకృష్ణ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. పరువు కోసం దాచుకున్నాడని ఇన్నేళ్ళూ ఆమె అనుకుంది. ఎవరి పరువు కోసమో ఇప్పుడు తెలిసింది.

"ఏడ్చింది మీరు కాదు," అంది నళిని గిన్నె కింద పెట్టి. "నేను. దానికి చెప్పేటప్పుడు నా ఏడుపు మీ మీద పెట్టేశాను. అలా చెబితే మీరంటే దానికి ఇంకా ప్రేమ పెరుగుతుందనుకున్నాను."

రాధాకృష్ణ ఆమె దగ్గరికి ఒక అడుగు వేశాడు. "నువ్వు ఏడ్చేదానివా? నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు పాడుతూ ఉంటే ఎలా చెప్పనూ?"

ఆయన గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. దేదీప్య పొద్దున్నే పెర్త్ ఆంబోయ్ వెళ్ళి చీకటి పడేదాకా రిహార్సల్స్‌లో ఉండేది. పాట మానేస్తానని అది అనలేదు. పాడమని ఆయనా అనలేదు.

బుధవారం సాయంత్రం శాంతి ఫోన్ చేసింది. నళిని చపాతీ పిండి కలుపుతోంది. మోచేత్తో స్పీకర్ నొక్కింది. రాధాకృష్ణ పక్కగదిలో టీవీ ముందున్నాడు.

"ఎలా ఉన్నారు నళిని గారూ? ఆదివారం నుంచి నాకు నిద్రే లేదండీ. పాపం, అన్నయ్యగారు అంత హీనమైన పని చేశారని మాకెవ్వరికీ తెలీదు. ఎంత కుమిలిపోయారో! అది మనసులో పెట్టుకోకండి, మేమెవరం ఏమీ అనుకోవట్లేదు."

ఎప్పటిలాగే అయితే నళిని ఏదో నసిగి, వాతావరణం మీదకి మాట మళ్ళించేది. ఆ నసుగుడు ఇరవై ఏళ్ళ అలవాటు. ఈసారి ఎందుకో నాలుక ఆ దారి పట్టలేదు.

"హీనం ఏమిటి శాంతి గారూ? అది ఉద్యోగం. అవును, ఎంగిలి కంచాలే కడిగారు. కడిగి నన్ను పోషించారు, చదువుకున్నారు. ఆయన కుమిలిపోలేదు, పాడుకున్నారు. మీకు నిద్ర పట్టకపోతే శనివారం షోకి రండి, మా అమ్మాయి ఆ పాటే పాడుతోంది. టికెట్లు ఇంకా ఉన్నాయి. ఊరికే మాత్రం ఇవ్వను."

ఏదో పొయ్యి మీద ఉందని ఫోన్ పెట్టేసింది శాంతి. నళిని పిండిని గట్టిగా ఒక గుద్దు గుద్దింది.

పక్కగదిలో టీవీ ఆగిపోయింది. రాధాకృష్ణ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"హోటల్ మేనేజ్‌మెంట్ ఏమైంది?" అన్నాడు.

"మూసేశాను," అంది నళిని.

ఆయన పెదవులు బిగపట్టి చూశాడు, ఆగలేక నవ్వాడు. ఆ నవ్వుతోనే వెళ్ళి కూతురికి ఫోన్ చేశాడు. "ఏమే, ఇంటికి రా. ఆ పాట సరిగ్గా రాసుకుందువు గాని. నేను చెప్తా, నువ్వు రాసుకో." ఆ సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర తండ్రీకూతుళ్ళిద్దరూ స్పానిష్‌లో అరుచుకున్నారు, తెలుగులో తిట్టుకున్నారు, ఇంగ్లీషులో బేరాలాడుకున్నారు. ఒక మాట ఉండాలని అది, వద్దని ఆయన. ఆయన స్పూనుతో స్టీలు గ్లాసు మీద కొట్టి చూపిస్తుంటే అది కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"కానీ నాన్నా, సీడీలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. షోలో మాత్రమే మార్చగలను."

"ఉండనీ. అడిగినవాళ్ళకి నేనే చెప్తాను, అది అబద్ధమని."

"అబద్ధమెందుకవుతుంది?" అంది నళిని చపాతీలు తెచ్చి పెడుతూ. "ఆ ఇంట్లో ఒకళ్ళు ఏడ్చారు కదా."

శనివారం పెర్త్ ఆంబోయ్‌లో ఆ హాలు కిక్కిరిసిపోయింది. మెడలో గొలుసులు వేసుకున్న కుర్రాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, పూల చొక్కాల తాతలు. శాంతి రాలేదు. శశికాంత్ వచ్చాడు, అనిక వేధిస్తే. "చెవులు పనికొస్తయో లేదో అన్నా ఇంటికి పోయేసరికి," అని గొణుగుతూనే కాలు ఊపుతున్నాడు. మిలాగ్రోస్ జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అలాగే ఉంది. రాధాకృష్ణని చూడగానే ఇన్నాళ్ళూ రానందుకు హాలంతా వినేలా తిట్టింది. ఆయన తలవంచుకుని అన్నీ పడి, ఏదో అన్నాడు. ఆవిడ పగలబడి నవ్వి ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. నళినికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మూడో పాట వచ్చింది. దేదీప్య స్టేజీ ముందుకి వచ్చింది. డప్పులు ఆగాయి. అది కింద నుంచి ఒక గరిటె తీసి, స్టాండు మీద పెట్టిన మూకుడు మీద కొట్టింది. ఒకటే తాళం, ఒంటరిగా. జనం నిశ్శబ్దమయ్యారు. మి పాపా లవాబా ప్లాతోస్. హాల్లో సగం మంది ఓ అని అరిచారు. ఆ సగం మంది ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఆ తొట్టి ముందు నిలబడ్డవాళ్ళే.

"ఏమంటోందండీ?" నళిని భర్త చెయ్యి పట్టుకుంది.

"మా నాన్న కంచాలు కడిగాడు అంటోంది." రాధాకృష్ణ గొంతు చించుకుని తెలుగులో చెబుతున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూస్తున్నా ఆయనకి పట్టలేదు. "మీరు తిన్న ఎంగిలి కడిగాడు, మెడ వంచి కాదు, పాడుతూ కడిగాడు. జాలిపడేవాళ్ళు బయటికి నడవండి, ఇది మీ పాట కాదు అంటోంది."

డప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. దేదీప్య వేలు పైకి చూపించింది, ఎక్కడో ఉన్న మూడో అంతస్తు వైపు. గొంతు ఒక మెట్టు దిగింది. రాధాకృష్ణ చెప్పడం ఆపేశాడు.

"ఇప్పుడేమంటోంది? చెప్పరేం?"

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"మెట్ల మీద మా అమ్మ ఏడ్చింది. ఎవరూ చూడలేదు. నాకు తినిపించే ముందు కళ్ళు తుడుచుకుంది. ఈ పాట ఆవిడ చెప్పింది, తన పేరు తీసేసి చెప్పింది. ఇవాళ ఆ పేరు నేను పెడుతున్నాను." ఆయన ఆగాడు. "నీ పేరు చెప్తోంది, నళినీ."

మైకులో తన పేరు నళినికి స్పష్టంగా వినిపించింది. దాని వెనకే హాలంతా ఆ పేరు పట్టుకుని అరిచింది, తలా ఒక రకంగా పలుకుతూ. మిలాగ్రోస్ అందరికంటే గట్టిగా అరిచింది. నళినికి ముందున్న మనుషులు, లైట్లు, స్టేజీ అన్నీ అలుక్కుపోయాయి. ఈసారి ఆమె కొంగు వెతుక్కోలేదు. తల ఎత్తుకునే నిలబడింది.

"ఊరుకో నళినీ, అందరూ చూస్తున్నారు," అన్నాడు రాధాకృష్ణ.

"చూడనివ్వండి. నా ఏడుపు నేను ఏడుస్తున్నాను, మీ మీదేం పెట్టట్లేదుగా!"